మొక్కజొన్న నుంచి ఇథనాల్.. ట్రేలోనే గుట్టు!

చిక్కబళ్లాపురం: బాగేపల్లిలోనైనా, చింతామణిలోనైనా బంకులో లీటరు పెట్రోలు పోయిస్తే అందులో ఐదో వంతు దాకా ఇథనాలే. పెట్రోలులో 20 శాతం కలపాలన్న లక్ష్యాన్ని దేశం 2025లో అందుకుంది. అందులో చెరకు, బియ్యంతో పాటు మొక్కజొన్నదీ పెద్ద వాటానే. కన్నడంలో ముసుకిన జోళ అనే ఈ పంటే రాగి, వేరుసెనగలతో పాటు జిల్లాలో మెట్ట రైతుకు ఆసరా. మరి గింజ ఇంధనం అయ్యేదెలా?

క్వింటాలుకు 38 లీటర్లు
గింజను పిండి చేసి, ఉడికించి పులియబెడతారు. అందులో ఆల్కహాల్ నూటికి పది, పన్నెండు పాళ్లే. మిగిలిందంతా నీరు, పిప్పి. క్వింటాలుకు సుమారు 38 లీటర్ల ఇథనాల్ వస్తుంది. పిప్పి పశువుల దాణాకు పోతుంది. ఆల్కహాల్ 78 డిగ్రీల వద్ద మరిగితే నీరు మరిగేది 100 వద్ద. ఈ తేడాతోనే రెంటినీ విడదీస్తారు.

ఇడ్లీ పాత్ర తరహాలో..
ఫ్యాక్టరీలో కనిపించే ఎత్తయిన కాలమ్‌ లోపల ఇడ్లీ పాత్రలోలా చిల్లుల ట్రేలు వరుసగా ఉంటాయి. ఆవిరి పైకి, ద్రవం కిందికి నడుస్తాయి. ప్రతి ట్రే మీదా ఆవిరి బుడగలు కట్టి, తనలోని నీటిని వదిలి ఆల్కహాల్‌ను పట్టుకుపోతుంది. నాటుసారా కుండలో ఒక్కసారి జరిగేది ఇక్కడ పదుల సార్లు జరుగుతుంది.

అయితే ఏ ట్రే అయినా పుస్తకంలో లెక్క ప్రకారం పూర్తిగా పనిచేయడం అరుదు. ఎంత పనిచేస్తుందో కొలిచే పద్ధతిని 1925లో అమెరికా ఇంజినీరు మర్ఫ్రీ చెప్పారు. సగటున 60 శాతం పనిచేస్తే 24 ట్రేల పనికి 40 కావాలి. 50కి పడితే 48! ఆవిరి తగ్గితే ద్రవం చిల్లుల్లోంచి కారిపోతుంది. మితిమీరితే తుంపరలు పై ట్రేకు ఎగురుతాయి. పిప్పి అడ్డుపడినా, ట్రే ఒరిగినా అంతే సంగతులు. అప్పుడు సరుకును మళ్లీ మళ్లీ మరిగించాలి. బాయిలరు ఖర్చు తడిసి మోపెడవుతుంది.

ఎన్ని ట్రేలున్నా మామూలుగా మరిగిస్తే 95.6 శాతం దగ్గర ఆగిపోతుంది. మిగిలిన నీటిని పీల్చే గుళికల గుండా పంపితేనే పెట్రోలులో కలపడానికి పనికొస్తుంది.

రైతుకేంటి?
2025-26లో మొక్కజొన్న మద్దతు ధర క్వింటాలుకు రూ.2,400. అయినా 2025 నవంబరులో ధర అంతకంటే దిగజారి కర్ణాటకలో రైతులు రోడ్డెక్కారు. ఇథనాల్ రేటు ఫ్యాక్టరీ చేతిలో లేదు. ఖర్చు తగ్గించుకోవాలంటే ఉన్నవి రెండే దారులు.. ఆవిరి, గింజ. ట్రేలు సరిగ్గా పనిచేసే చోట ఆవిరి మిగులుతుంది. లేనిచోట కోత పడేది గింజ ధరకే!