తాకితేనే చికిత్స... తాకొద్దంది కరోనా!

మసాజ్ బల్ల, ఆవిరి గది, తొట్టి స్నానం, మట్టి పట్టీ... ప్రకృతి చికిత్స క్లినిక్ అనగానే గుర్తొచ్చేవి ఇవే. అక్కడ మాత్రలుండవు, సూదులుండవు. ఉన్నదల్లా నీళ్లు, మట్టి, ఆహారం, శ్వాస, మనిషి చేయి. వీటిలో సగానికి కరోనా అడ్డం పడింది. 2020 మార్చి 25న మొదలైన లాక్‌డౌన్‌తో మూతపడ్డ క్లినిక్‌లు ఆ తర్వాత మెల్లగా తెరుచుకున్నాయి. షట్టర్ ఎత్తడం తేలికే. పాత పని మళ్లీ మొదలుపెట్టడమే కష్టమైంది.

ఇంకోపక్క వీళ్లతో పని పడేవాళ్లు పెరిగారు. అప్పటికి ఆరు నెలలుగా డైనింగ్ టేబుల్ మీదో, మంచం మీదో లాప్‌టాప్ పెట్టుకుని పనిచేస్తున్న మన ఐటీ జనాల మెడలు, నడుములు ఎలా తయారయ్యాయో వేరే చెప్పాలా?

మనకు పాత చుట్టమే

ప్రకృతి వైద్యం తెలుగువాళ్లకు కొత్త కాదు. జర్మనీకి చెందిన లూయీ కూనే రాసిన ప్రకృతి చికిత్స పుస్తకాన్ని డి. వెంకటచలపతి శర్మ 1894లోనే తెలుగులోకి తెచ్చారు. తొట్టి స్నానం మనకు పరిచయమైంది ఆ కూనే పద్ధతుల నుంచే. టీవీ వచ్చాక మంతెన సత్యనారాయణ రాజు గారు ఈ మాటను ఇంటింటికీ చేర్చారు. హైదరాబాద్ బల్కంపేటలో ప్రభుత్వ గాంధీ నేచురోపతి వైద్య కళాశాల ఉంది. కరోనా మొదలయ్యాక ఆ ప్రాంగణంలోని నేచర్ క్యూర్ ఆస్పత్రిని లక్షణాలు తక్కువగా ఉన్న కొవిడ్ రోగుల కోసం వాడారు.

రూల్స్ ఏమన్నాయి?

యోగా కేంద్రాలు, జిమ్‌లు 2020 ఆగస్టు 5 నుంచి తెరుచుకోవచ్చంటూ కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. కంటైన్‌మెంట్ జోన్లలో మాత్రం వీల్లేదంది. ఆరడుగుల దూరం ఉండాలంది. ఒక్కొక్కరికి 4 చదరపు మీటర్ల స్థలం లెక్కన చూసుకోవాలంది. అంటే 20 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు ఉన్న హాల్లో తొమ్మిది మందికి మించి పట్టరు. స్పా, ఆవిరి స్నానం, ఈతకొలను మూసే ఉంచాలంది. జలనేతి లాంటి యోగ క్రియలు అప్పటికి మానేయడమే మంచిదని, తప్పదనుకుంటే ఆరుబయట చేయాలని చెప్పింది. 65 ఏళ్లు దాటినవాళ్లు, గర్భిణులు, ఇతర జబ్బులున్నవాళ్లు మూసి ఉన్న హాళ్లకు రావొద్దని సలహా ఇచ్చింది.

ఇవి యోగా, జిమ్‌ల కోసం రాసిన రూల్సే. కానీ ప్రకృతి చికిత్స క్లినిక్‌లో జరిగే పనులూ దాదాపు ఇవే కదా! పైగా ఇక్కడికి ఎక్కువగా వచ్చేది షుగర్, బీపీ, కీళ్లనొప్పులున్న పెద్దవాళ్లు. అంటే రావొద్దని ఎవరికి చెప్పారో, క్లినిక్ నడిచేది వాళ్లతోనే.

మసాజ్ దగ్గర మరో చిక్కు వచ్చింది. ఆరడుగుల దూరం నుంచి మర్దన చేయలేం. బోర్లా పడుకున్న మనిషికి మాస్కుతో ఊపిరి ఆడటం కష్టం. చేసేవాళ్లేమో మాస్కు, ఫేస్ షీల్డ్ పెట్టుకుని ముప్పావు గంట చేతులు ఆడించాల్సి వచ్చింది. కిటికీలు తెరిచి పని చేయాల్సి వచ్చింది.

రోజుకు ఎంతమంది?

చిన్న లెక్క వేద్దాం. ఒక థెరపిస్ట్ రోజుకు 8 గంటలు, అంటే 480 నిమిషాలు పనిచేస్తారనుకోండి. ముప్పావు గంట చికిత్స, మధ్యలో 5 నిమిషాల విరామం అయితే తొమ్మిది మందిని చూడొచ్చు. కరోనా రోజుల్లో ప్రతి మనిషి తర్వాత దుప్పటి మార్చి, బల్ల తుడిచి, గదిలోకి గాలి రానివ్వడానికి అరగంట పెడితే ఆరుగురే. మూడోవంతు ఆదాయం అక్కడే పోయింది. దానికి గ్లోవ్స్, శానిటైజర్ ఖర్చు అదనం.

ఈ నష్టం ముందుగా తగిలింది డాక్టర్‌కి కాదు. మసాజ్ చేసేవాళ్లకు, మట్టి కలిపేవాళ్లకు, గదులు కడిగే ఆయమ్మలకు. వాళ్లకు వర్క్ ఫ్రమ్ హోమ్ లేదు.

వీడియో కాల్ ఎంతవరకు?

కొంతవరకు బాగానే పనికొస్తుంది. ఏం తినాలి, ఎప్పుడు తినాలి, నిద్ర ఎలా ఉంది, ఆసనం సరిగ్గా వేస్తున్నామా... ఇవన్నీ ఫోన్‌లో అయిపోతాయి. మెడ ఎంతవరకు తిరుగుతోందో డాక్టర్ స్క్రీన్ మీద చూడగలరు. కానీ కండరం ఎంత బిగుసుకుందో వేలితో నొక్కి చూడలేరు. అందుకే మాటలన్నీ ఫోన్‌లో పూర్తిచేసి, చేయి అవసరమైన పనికి మాత్రమే మనిషిని పిలవడం మంచి దారి. రోగి క్లినిక్‌లో ఉండే సమయం తగ్గుతుంది, ప్రమాదమూ తగ్గుతుంది.

చెప్పకూడని మాట

గిరాకీ తగ్గినప్పుడు 'మా దగ్గర కరోనాకి చికిత్స ఉంది' అనే బోర్డు పెట్టాలన్న ఆశ పుడుతుంది. ఇలాంటి ప్రచారం ఆపాలని ఆయుష్ మంత్రిత్వ శాఖ 2020 ఏప్రిల్ 1నే ఆదేశించింది. ఆవిరి పడితే ముక్కు దిబ్బడ తగ్గొచ్చేమో గానీ, వైరస్ చావదు. మట్టి పట్టీతో చల్లగా, హాయిగా ఉంటుంది. అంతే.

ఇంకో సంగతి. 2020 సెప్టెంబరులో వచ్చిన భారతీయ వైద్య విధానాల జాతీయ కమిషన్ చట్టం ఆయుర్వేదం, యునానీ, సిద్ధ, సోవా రిగ్పాలకే. ప్రకృతి వైద్యం అందులో లేదు. అయిదున్నరేళ్లు బీఎన్‌వైఎస్ చదివిన డాక్టరూ, పది రోజుల కోర్సు చేసిన మనిషీ ఒకే రకం బోర్డు కింద కనిపిస్తే తేడా పోల్చుకోవాల్సిన పని మన మీదే పడుతుంది.

వెళ్లే ముందు అడగండి

• చూసేవాళ్ల చదువేంటి? బీఎన్‌వైఎస్ చేశారా?
• టైమ్ స్లాట్ ఇస్తారా, అందరినీ ఒకేసారి కూర్చోబెడతారా?
• ఒకరికీ ఇంకొకరికీ మధ్య ఎంత గ్యాప్ ఇస్తున్నారు? కిటికీలు తెరుస్తారా?
• మట్టి, నూనె, తువ్వాలు ఎవరివి వాళ్లకేనా?
• జ్వరం, దగ్గు ఉంటే కట్టిన డబ్బు పోకుండా అపాయింట్‌మెంట్ మార్చుకోవచ్చా?

ఈ ఆఖరి ప్రశ్న చిన్నదేం కాదు. డబ్బు పోతుందన్న భయం ఉంటే జ్వరం దాచి వచ్చేవాళ్లుంటారు. షుగర్, బీపీ మాత్రలు రాసిన డాక్టర్‌ని అడగకుండా ఎవరు ఆపమన్నా ఆపకండి.

'ఆవిరి గది ఇప్పుడు తెరవట్లేదండీ, మసాజ్‌కి అమ్మగారిని ఇంకొన్నాళ్లు తీసుకురాకండి' అని ఏ క్లినిక్ అయినా చెబితే విసుక్కోకండి. ఆ నెంబరు ఫోన్‌లో సేవ్ చేసుకోండి. చేతికొచ్చే ఫీజు వదులుకుని మరీ నిజం చెప్పే చోటికే రేపు ధైర్యంగా వెళ్లొచ్చు.