జెనరేటరు సెన్సరు మార్చేటప్పుడు మర చూసుకోండి

పాల శీతలీకరణ యూనిట్లు ఉన్న సంఘాల సభ్యులకు, కార్యదర్శులకు, ముఖ్యంగా జెనరేటరు నడిపే సిబ్బందికి ఈ వ్యాసం ఉద్దేశించబడింది. బొటనవేలంత సెన్సరు గురించి ఇంత రాయాలా అని కొందరికి అనిపించవచ్చు. ముందుగా ఒక సంఘంలో జరిగింది చెబుతాను. సంఘం పేరుతో మనకు పని లేదు.

ఆ సంఘంలో వెయ్యి లీటర్ల కూలరు, దానికి తోడుగా ఒక డీజిల్ జెనరేటరు ఉన్నాయి. ఒకనాడు జెనరేటరు మీద ఆయిల్ ప్రెజరు చూపించే మీటరు ముల్లు కదలడం మానేసింది. కార్యదర్శి పట్నంలో లారీ విడిభాగాల దుకాణానికి వెళ్లి, "ఆయిల్ సెన్సరు, వన్ బై ఎయిట్" అని అడిగి కొత్తది తెచ్చాడు. మెకానిక్ దానిని ఇంజనుకు బిగించబోతే కొంచెం వదులుగా తిరిగింది. అతను విప్పి, తెల్లటి టెఫ్లాన్ టేపు ఏడెనిమిది చుట్లు చుట్టి మళ్లీ బిగించాడు. ఈసారి గట్టిగా కూర్చుంది. ఇంజను వేస్తే మీటరు ముల్లు లేచి చివరి గీత దాకా పోయి నిలబడింది. ప్రెజరు బ్రహ్మాండంగా ఉందని అందరూ సంతోషించారు.

రెండు వారాల తర్వాత ఒక సాయంత్రం పాలు పోయడం అయిన కొద్దిసేపటికే కరెంటు పోయింది. కూలరులో తొమ్మిది వందల లీటర్ల పైచిలుకు పాలున్నాయి, ఇంకా సరిగా చల్లబడలేదు. జెనరేటరు వేసి కాపలా మనిషి భోజనానికి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి ఇంజను ఆగిపోయి ఉంది, కింద నూనె మడుగు కట్టి ఉంది. సెన్సరు మొదట్లోంచి నూనె చిమ్మి, సంపు ఖాళీ అయి, బేరింగులు పట్టేశాయి. కరెంటు తెల్లవారుజామున గాని రాలేదు. ఉదయం ట్యాంకరు వచ్చినప్పుడు పరీక్ష గొట్టంలో కాసిని పాలు కాచి చూస్తే విరిగిపోయాయి. ఇంజను మరమ్మతు ఖర్చు, పారబోసిన పాల విలువ కలిసి ఆ ఏడాది సభ్యులకు పంచవలసిన బోనసును మింగేశాయి.

జరిగిన పొరపాటు ఏమిటంటే, ఆ ఇంజను అమెరికా నమూనాది. దాని రంధ్రంలో కోసిన మర అమెరికా పైపు మర, అంటే ఎన్.పి.టి. దుకాణదారు ఇచ్చిన సెన్సరు మర బ్రిటిష్ పైపు మర, అంటే బి.ఎస్.పి. రెండింటి పేరూ 1/8 అంగుళమే.

ఈ 1/8 అనేది మర కొలత కాదు. పూర్వం ఆ మర కోసిన పైపు లోపలి బోలు ఎంతో దానిని బట్టి వచ్చిన పేరు. వెర్నియరు పెట్టి కొలిస్తే 1/8 బి.ఎస్.పి. మర పై వ్యాసం 9.73 మిల్లీమీటర్లు, 1/8 ఎన్.పి.టి.ది 10.29 మిల్లీమీటర్లు. అర మిల్లీమీటరు పైన తేడా. ఆ వదులును మెకానిక్ టేపుతో పూడ్చాడు. అంగుళానికి బ్రిటిష్ మరలో 28 చుట్లు, అమెరికా మరలో 27. మర వాలు కోణం బ్రిటిష్ దానిలో 55 డిగ్రీలు, అమెరికా దానిలో 60. ఇన్ని తేడాలున్నా ఒకటి రెండోదానిలో కొన్ని చుట్లు ఎక్కుతుంది. చిక్కంతా అక్కడే ఉంది. అసలు ఎక్కకపోతే ఎవరూ బిగించరు గదా!

ఈ రెండు పద్ధతులు ఎందుకు వచ్చాయంటే, ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ 1841లో మరలన్నీ ఒకే కొలతలో ఉండాలని ప్రతిపాదించి 55 డిగ్రీల కోణం పెట్టాడు. అమెరికాలో విలియం సెల్లర్స్ 1864లో 60 డిగ్రీలు మేలన్నాడు. ఎవరి పైపులు వారివయ్యాయి. మన దేశం ఇంగ్లీషు దారిలో నడిచింది. మన పైపు మరల భారతీయ ప్రమాణాలు ఐ.ఎస్. 554, ఐ.ఎస్. 2643 ఆ కొలతలవే. మీ ఇంటి కుళాయి, బోరు దగ్గరి జి.ఐ. పైపు ఎల్బో, అన్నీ బ్రిటిష్ మరలే. అందుకే ఊళ్లో ఎక్కడ అడిగినా ముందుగా చేతికిచ్చేది బి.ఎస్.పి. ఇంజను మాత్రం దాని నమూనా ఏ దేశానిదైతే ఆ దేశపు మరతో వస్తుంది. అమెరికా నమూనా ఇంజన్లకు సాధారణంగా ఎన్.పి.టి., జపాను నమూనా వాటికి బ్రిటిష్ వాలు మర, యూరప్ వాటిలో చాలావాటికి 10 మిల్లీమీటర్ల మెట్రిక్ మర ఉంటాయి. పాలు తెచ్చే వ్యానుకు మీటరు బిగించేటప్పుడూ ఇదే వర్తిస్తుంది.

జపాను సరుకు మీద కొన్నిటికి "పి.టి." అని గుర్తు ఉంటుంది. దీనిని చూసి ఎన్.పి.టి. అనుకునేవారు ఉన్నారు. అది బ్రిటిష్ వాలు మర. "ఆర్" అని ఉన్నా బ్రిటిష్ వాలు మరే. "జి" అని ఉంటే బ్రిటిష్ తిన్నని మర.

వాలు మర అంటే చివర సన్నగా మొదలై పైకి పోనుపోను లావయ్యేది. పదహారు పాళ్ల పొడవుకు ఒక పాలు చొప్పున వ్యాసం పెరుగుతుంది. అందువల్ల అది బిగిసేకొద్దీ బిరడాలాగా ఇరుక్కుని నూనెను ఆపుతుంది. తిన్నని మర అలా ఆపదు. దానికి తల కింద రాగి వాషరు వేయాలి, ఆ వాషరు కూర్చునే ముఖం చదునుగా ఉండాలి. తిన్నని మరకు టేపు చుట్టి వాషరు పారేసేవారిని చూశాను. అది దండగ పని.

ఇంకో ముఖ్యమైన సంగతి. వాలు మర సహజంగానే మూడు నాలుగు చుట్ల తర్వాత బిగుస్తుంది. తప్పు మర కూడా బిగుస్తుంది. స్పానరు పట్టిన చేతికి రెండు బిగువులూ ఒకేలాగా తెలుస్తాయి. ఎంత అనుభవం ఉన్న మెకానిక్ అయినా చేతి వాటంతో చెప్పలేడు, కొలిచే చూడాలి. పెద్ద సైజులలో మరీ మోసం. 1/2 అంగుళం మరలో రెండు పద్ధతులకూ అంగుళానికి 14 చుట్లే. చక్కగా ఎక్కుతుంది, కోణం కలవదు గనుక మర పొడుగునా సందు మిగిలి నూనె చెమరుస్తూనే ఉంటుంది.

కొలవడానికి వెర్నియరు ఒక్కటి చాలు. పాత సెన్సరు మర వ్యాసం చివరి చుట్టు దగ్గర, తల దగ్గర కొలిస్తే వాలు ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. 1/8 సైజులో 10.3కు దగ్గరగా వస్తే అమెరికా మర, 9.7కు దగ్గరగా వస్తే బ్రిటిష్ మర, వాలు లేకుండా 10కి ఒక వెంట్రుక తక్కువగా ఉంటే మెట్రిక్ మర అనుకోవచ్చు. వాలు మర చివర కొంత సన్నగా ఉంటుంది గనుక లావు వైపు కొలతనే లెక్కకు తీసుకోండి. తర్వాత పాతదాని మరను కొత్తదాని మరలో పెట్టి వెలుతురుకు ఎత్తి చూడండి. చుట్లు ఒకదానిలో ఒకటి పూర్తిగా కూర్చుని వెలుగు కనబడకపోతే చుట్ల లెక్క కలిసినట్లు. పిచ్ గేజి ఉంటే ఇంకా మంచిది, ఏ లేతు వర్క్‌షాపులో అయినా ఉంటుంది. ఒక్క హెచ్చరిక. పాత సెన్సరు కూడా ఎవరో తప్పుగా బిగించినదై ఉండవచ్చు. దాని మర నలిగి, మెరిసి ఉంటే ఇంజను పుస్తకం చూడవలసిందే.

సరైన వాలు మర చేత్తోనే మూడు నాలుగు చుట్లు పోతుంది. ఆ తర్వాత స్పానరుతో ఒకటి, ఒకటిన్నర చుట్టు చాలు. అల్యూమినియం భాగాలకైతే ఇంకా జాగ్రత్త కావాలి, బలవంతం చేస్తే పగులుతాయి. టేపు వాడితే రెండు చుట్లు, మర తిరిగే దిక్కుకే చుట్టి, చివరి చుట్టును వదిలేయండి. ఆ చివర టేపు ఉంటే ముక్కలు తెగి నూనె దారిలోకి పోతాయి.

మీటరు ముల్లు చివరిదాకా ఎందుకు లేచిందో ఇంకా చెప్పలేదు. ఒకే వైరు ఉన్న సెన్సరుకు రెండో వైరు దాని ఒళ్లే. మర ద్వారా ఇంజనుకు ఎర్తు అందాలి. యూరప్ పద్ధతి మీటర్లలో ప్రెజరు లేనప్పుడు సెన్సరు నిరోధం 10 ఓములు, నిండు ప్రెజరుకు సుమారు 180. టేపు దట్టంగా చుట్టితే ఎర్తు సరిగా అందక నిరోధం పెరుగుతుంది, మీటరు దానిని నిండు ప్రెజరుగా చూపిస్తుంది. ఆ జెనరేటరులో ప్రెజరు పడిపోతే ఇంజనును ఆపే ఏర్పాటు కూడా ఆ సెన్సరు మీదే ఆధారపడి ఉంది. ప్రెజరు నిండుగా ఉందని వార్త పోతుంటే అది ఎందుకు ఆపుతుంది? అమెరికా పద్ధతి మీటర్లలో లెక్క తలకిందులు, సున్నాకు 240 ఓములు, నిండుకు 33. కావున మరతో పాటు ఈ లెక్క కూడా మీటరుతో కలవాలి. బిగించిన తర్వాత మల్టీమీటరుతో సెన్సరు ఒంటికి, ఇంజనుకు మధ్య చూస్తే దాదాపు సున్నా రావాలి. ఇంజను ఆపి ఉన్నప్పుడు, స్విచ్చి వేసిన తర్వాత ముల్లు సున్నా మీద నిలవాలి. ఈ ఒక్క పరీక్ష ఆ రోజు ఎవరైనా చేసి ఉంటే సరిపోయేది.

సరైన మర సెన్సరు దొరకకపోతే ఒక పక్క ఎన్.పి.టి., రెండో పక్క బి.ఎస్.పి. ఉన్న ఇత్తడి అడాప్టరు దొరుకుతుంది. అది వేయించండి. రెండు మూడు అడాప్టర్లు గొలుసుగా పెట్టి బరువైన సెన్సరును వేలాడదీస్తే ఇంజను అదురుకు విరుగుతుంది. అలాంటప్పుడు చిన్న హోసు పైపు వేసి సెన్సరును చట్రానికి బిగించి, దానికి విడిగా ఎర్తు వైరు ఇవ్వాలి. ఇంజను మీద ఉండగానే రంధ్రంలో ట్యాప్ తిప్పి కొత్త మర కోస్తానని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఆ ఇనుప రజను నూనెతో పాటు బేరింగుల్లోకి పోతుంది.

ఇక నా సంగతి. ఆ సెన్సరు బిగించిన మూడో రోజునే నేను ఆ సంఘం తనిఖీకి వెళ్లాను. "ఆయిల్ సెన్సరు ఒకటి" అని ఉన్న ఓచరు చూసి సంతకం పెట్టాను. జెనరేటరు కింద నూనె మరకలు కూడా చూశాను. పాలిటెక్నిక్‌లో మరల పాఠం చదివి డిప్లొమా తీసుకున్నవాణ్ణే. తనిఖీ పుస్తకంలో నేను రాసింది "జెనరేటరు గదిలో శుభ్రత పాటించవలెను" అని. తర్వాత సర్వసభ్య సమావేశంలో నష్టం కార్యదర్శి జీతంలో కోయాలని కొందరు పట్టుబట్టినప్పుడు ఆ పుస్తకం నేనే తెరిచి చదివి వినిపించాను. జీతం కోయలేదు.

ఇప్పుడు నేను తనిఖీ చేసే సంఘాలలో విడిభాగం ఓచరు మీద మర పేరు, వ్యాసం, ఓముల లెక్క రాయమంటున్నాను. పాత భాగం స్టాకులో చూపించనిదే సంతకం పెట్టడం లేదు. ఆ సంఘం వారు పాత సెన్సరును తీగకు కట్టి, పక్కన "అమెరికా మర" అని పెయింటుతో రాసి జెనరేటరు గదిలో వేలాడదీశారు. పట్నం వెళ్లేవారు దానిని జేబులో వేసుకుని వెళుతున్నారు.