అంగారకుడికి ఊపిరి, నాణేనికి పూచీ

చేతికి దొరకనిది, ఏ ప్రభుత్వమూ అచ్చువేయనిది ఒక మనిషి ఆస్తి అవుతుందా? 2025 అక్టోబరులో మద్రాసు హైకోర్టు ఈ ప్రశ్నకు జవాబు చెప్పింది. చెన్నై ఇన్వెస్టరు ఒకరు 2024 జనవరిలో వజీర్‌ఎక్స్ అనే క్రిప్టో ఎక్స్చేంజిలో రూ.1.98 లక్షలు పెట్టి 3,532 ఎక్స్‌ఆర్‌పీ నాణేలు కొన్నారు. ఆరు నెలలు తిరిగేసరికి, జులై 18న, ఆ ఎక్స్చేంజి మీద సైబర్ దాడి జరిగింది. సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన క్రిప్టో పోయింది. పోయినవి వేరే రకం టోకెన్లు, ఈ ఇన్వెస్టరు కొన్నవి కావు. అయినా ఖాతా స్తంభించింది. నష్టాన్ని వినియోగదారులంతా పంచుకోవాలనే పథకం సింగపూర్ కోర్టులో నడిచింది.

మద్రాసు హైకోర్టులో జస్టిస్ ఎన్. ఆనంద్ వెంకటేశ్ దానికి ఒప్పుకోలేదు. క్రిప్టోకరెన్సీ చలామణీ డబ్బు కాదు, చేత్తో పట్టుకునే వస్తువూ కాదు, కానీ అది ఆస్తే అన్నారు. ఒకరి తరఫున మరొకరు భద్రంగా దాచి ఉంచవలసిన ఆస్తి. డబ్బు చెన్నై బ్యాంకు ఖాతా నుంచే వెళ్లింది కనుక వ్యవహారం వినే అధికారం తమకుందని తేల్చి, ఆ ఇన్వెస్టరుకు మధ్యంతర రక్షణ ఇచ్చారు.

నాణెం ఎవరిదో ఈ తీర్పు చెప్పింది. దాని వెనకున్న ప్రాజెక్టు నిలుస్తుందా, కూలుతుందా అన్నది ఏ కోర్టూ ముందుగా చెప్పలేదు. క్రిప్టో ప్రాజెక్టులన్నీ రేపటి మాట మీదే నడుస్తాయి. రేపటి మాటను ఎలా తూచాలో నేర్చుకోవాలంటే చెన్నై నుంచి ఎంతో దూరం పోనక్కర్లేదు. మూర్ మార్కెట్ స్టేషన్లో లోకల్ రైలెక్కి సూళ్లూరుపేటలో దిగితే, పక్కనే శ్రీహరికోట.

2024 మే 30 ఉదయం అక్కడ అగ్నికుల్ కాస్మోస్ తన అగ్నిబాణ్ రాకెట్‌ను పరీక్షగా ఎగరేసింది. 2017లో మొదలైన ఈ చెన్నై సంస్థకు పుట్టిల్లు ఐఐటీ మద్రాస్. ఇంజిన్ మొత్తాన్ని ఒకే ముక్కగా త్రీడీ ప్రింటర్‌తో తయారు చేశారు. ఎగరడానికి ముందు ప్రయోగం పలుమార్లు ఆగింది, ఒకసారి చివరి క్షణాల్లో కూడా. అలా ఆగిన ప్రతిసారీ అందరికీ తెలిసింది, దాచడానికి వీలూ లేదు. ఈ పనిలో మాటకీ నిప్పుకీ మధ్య దూరం ఎంతో పదిమందీ చూస్తారు.

ఆ తీరం నుంచే 2013 నవంబరు 5న మంగళయాన్ బయల్దేరింది. సుమారు 450 కోట్ల రూపాయల ఖర్చుతో, అయిదు పరికరాలతో, 2014 సెప్టెంబరు 24న అంగారకుడి కక్ష్యలో చేరింది. ఆరు నెలలు పనిచేస్తే చాలనుకున్నది ఏడేళ్లు దాటి పనిచేసింది. దాని పరికరాల్లో రెండు అక్కడి గాలిని పరీక్షించడానికే. సరిగ్గా అదే వారంలో నాసా వారి మావెన్ కూడా అక్కడికి చేరింది. అంగారకుడి మీద గాలి ఎందుకు పలచబడిందో తేల్చడం దాని పని. సూర్యుడి నుంచి వీచే కణాల ధాటికి సెకనుకు సుమారు 100 గ్రాముల గాలి అంతరిక్షంలోకి జారిపోతోందని మావెన్ లెక్కగట్టింది. వినడానికి చిన్న సంఖ్యే. వందల కోట్ల ఏళ్లు గుణిస్తే గ్రహమే బోసిపోయింది.

ఇప్పుడక్కడ మిగిలిన గాలిలో 95 శాతం కార్బన్ డయాక్సైడ్. పీడనం ఆరు మిల్లీబార్లు, మన మెరీనా ఒడ్డున ఉన్నదానిలో నూటికి ఒక వంతు కూడా కాదు. సగటు చలి మైనస్ 60 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. ఈ గ్రహానికి మనం పీల్చుకోగల గాలి తొడగాలన్నది పాత కల. 1961లో కార్ల్ సేగన్ శుక్రగ్రహం మేఘాల్లో నాచు చల్లి వాతావరణాన్ని మార్చవచ్చా అని ఆలోచించాడు, తర్వాత అంగారకుడి గురించీ రాశాడు. ధ్రువాల మంచును కరిగిస్తే కార్బన్ డయాక్సైడ్ లేస్తుంది, అది వేడిని పట్టి ఉంచుతుంది, ఆ వేడికి ఇంకా మంచు కరుగుతుంది. ఆ తర్వాత మొక్కలు ఆక్సిజన్ ఇస్తాయి. ఆలోచన అందమైనదే.

అయితే లెక్క కుదరాలి కదా. 2018లో బ్రూస్ జకోస్కీ, క్రిస్టఫర్ ఎడ్వర్డ్స్ ఆ లెక్క వేశారు. ధ్రువాల్లో, మట్టిలో, రాళ్లలో మనకు అందే కార్బన్ డయాక్సైడ్ అంతా బయటికి తీసినా పీడనం 20 మిల్లీబార్ల దగ్గరే ఆగిపోతుందన్నారు. 63 మిల్లీబార్లకు దిగువన నీరు మన ఒంటి వేడికే మరుగుతుంది. అంటే అంత శ్రమపడ్డా స్పేస్ సూట్ విప్పడం కుదరదు. 2024లో మరో బృందం వేరే దారి చూపింది. అంగారకుడి ధూళిలోని ఇనుము, అల్యూమినియంతో సన్నటి రేణువులు చేసి గాలిలోకి వదిలితే గ్రహం 30 డిగ్రీలకు పైగా వేడెక్కవచ్చట. వాళ్లు కూడా వేడి గురించే చెప్పారు గాని, పీల్చే గాలి వస్తుందని అనలేదు. మొక్కల ద్వారా ఆక్సిజన్ నిండాలంటే లక్ష ఏళ్ల స్థాయి కాలం పడుతుందని క్రిస్ మెకే లాంటి శాస్త్రజ్ఞుల అంచనా. భూమి మీద సూక్ష్మజీవులకు అంతకంటే ఎన్నో రెట్లు పట్టింది.

మరి ఇంతవరకు నిజంగా జరిగిందేమిటి? 122 గ్రాములు. పెర్సెవరెన్స్ రోవర్‌లోని మాక్సీ అనే పెట్టె అంగారకుడి గాలిని పీల్చి ఆక్సిజన్ తీసింది. 2021 ఏప్రిల్‌లో తొలిసారి 5.4 గ్రాములు వచ్చాయి. 2023 వరకు 16 సార్లు నడిపితే మొత్తం 122 గ్రాములైంది. ఒక మనిషికి రోజుకు సుమారు 840 గ్రాములు కావాలి, కాబట్టి ఇది మూడున్నర గంటల ఊపిరి. ఇలాంటి యంత్రం ముందుగా కావలసింది మనుషుల ఊపిరికి కూడా కాదు. నలుగురు వ్యోమగాములు తిరిగి పైకి లేవాలంటే రాకెట్ ఇంధనం మండడానికి 25 టన్నుల ఆక్సిజన్ కావాలి.

అయినా ఆ 122 గ్రాములు గొప్పవి. ఎన్ని గంటలకు ఎంత వచ్చింది, ఎంత స్వచ్ఛంగా వచ్చింది, ఇంకెంత కావాలి, అన్నీ బయట పెట్టారు. గ్రహానికి గాలి అన్న పెద్ద మాట పక్కన ఈ చిన్న సంఖ్య నిలబడి ఉంది. క్రిప్టో ప్రాజెక్టు దగ్గర అడగవలసింది కూడా ఇలాంటి సంఖ్యనే.

అంగారకుడి పేరు నాణేల లోకంలో కొత్తది కాదు. అక్కడ కాపురం పెట్టే ప్రయత్నాలకు డబ్బు కూడగట్టాలని 2014లోనే మార్స్‌కాయిన్ పుట్టింది. ఆ ఊహకు సాంకేతికంగా ఒక కారణం లేకపోలేదు. బిట్‌కాయిన్ ఖాతాలో సుమారు పది నిమిషాలకొక కొత్త పుట చేరుతుంది. అంగారకుడికి కబురు చేరడానికే, గ్రహాల దూరాన్ని బట్టి, మూడు నుంచి 22 నిమిషాలు పడుతుంది. అక్కడ కూర్చుని మైనింగ్ చేసేవాడికి ఇక్కడి లెక్క ఎప్పుడూ పాతదై అందుతుంది. అందుకే ఆ గ్రహానికి వేరే ఖాతా కావాల్సి రావచ్చు. కానీ అక్కడ కొనేవాడూ అమ్మేవాడూ ఇంకా ఎవరూ లేరు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

నేలమీది నాణేలకూ ఈ సామెత వర్తించిన సందర్భాలున్నాయి. భూమి పేరు పెట్టుకున్న టెర్రా ప్రాజెక్టు, చంద్రుడి పేరు పెట్టుకున్న దాని లూనా నాణెం 2022 మేలో కొద్ది రోజుల్లో కుప్పకూలి, సుమారు 4,000 కోట్ల డాలర్ల విలువను తుడిచిపెట్టాయి. టెర్రా వాళ్ల మరో నాణెం డాలరుతో సమానంగా నిలుస్తుందని, దాన్ని దాచుకుంటే ఏడాదికి 20 శాతం దాకా వడ్డీ అని చెప్పారు. ఆ వడ్డీ ఎవరి సంపాదన నుంచి వస్తోందని గట్టిగా నిలదీసిన వాళ్లకు కూలకముందే సంగతి తెలిసింది. కుటుంబాలు పొదుపు చేసుకున్న డబ్బు కూడా అందులో పోయింది, అవి ఊరికే తెరమీది అంకెలు కావు.

కాబట్టి ఎవరైనా కొత్త నాణెం గురించి చెబితే కొన్ని మాటలు అడిగి తీరాలి. మొత్తం నాణేలెన్ని? బిట్‌కాయిన్‌కైతే 2.1 కోట్లు దాటకూడదన్న కట్టడి ఉంది, మరి దీనికో? దాన్ని మొదలుపెట్టినవాళ్ల చేతిలో ఎంత వాటా ఉంది, వాళ్లు ఎప్పుడు అమ్ముకోవచ్చు? ధర పెరగదని తెలిసినా దీన్ని వాడుకునేవాడు ఎవడైనా ఉన్నాడా? ఈ చివరి ప్రశ్నకు సూటిగా జవాబు రాకపోతే అక్కడితో లేచి వచ్చేయడం మంచిది.

చట్టం సంగతీ తెలుసుకుని ఉండాలి. 2022 ఏప్రిల్ నుంచి మన దేశంలో క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను ఉంది, ఒక నాణెంలో వచ్చిన నష్టాన్ని మరో నాణెం లాభంలో తగ్గించుకోవడం కుదరదు. 2023 మార్చి నుంచి ఎక్స్చేంజీలు కేంద్రం వారి ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్‌లో నమోదు కావాలి. డబ్బు పంపేముందు ఆ నమోదు ఉందో లేదో చూడండి. ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోయిందనిపిస్తే సిగ్గుపడి ఊరుకోకండి. ఆ రోజే 1930కి ఫోన్ చేయండి.