వత్తులు ఊడిపోతే ఆప్ట్‌ని పిలవండి

మా పోస్టర్ల స్క్రిప్ట్ నా ల్యాప్‌టాప్‌లో ‘స్త్రీ’ అని చక్కగా రాస్తుంది. అదే సర్వర్‌లో ‘స్‌త్‌రీ’ అంటుంది! ఫాంట్ అదే, పైథాన్‌లో పిల్లో వెర్షనూ అదే.

వత్తులు అతకాలంటే పిల్లోకి రాక్మ్ కావాలి. 8.2 నుంచి అది పిప్ ప్యాకేజీలోనే వస్తోంది గానీ, దానికి తోడు కావలసిన ఫ్రిబిడి మాత్రం సిస్టమ్‌లో ఉండాలి. ఉర్దూలా కుడి నుంచి ఎడమకు సాగే రాతని చూసుకోవడం ఫ్రిబిడి పని. తెలుగుకి దాంతో ఏం పని అంటారా? అది లేనిదే రాక్మ్ కదలదు మరి. డెస్క్‌టాప్ ఉబుంటులో మామూలుగా ముందే ఉంటుంది, బోసి సర్వర్‌లో ఉండకపోవచ్చు.

పిప్‌తో పిల్లోని ఎన్నిసార్లు ఎక్కించినా ఫ్రిబిడి రాదు. ‘సుడో ఆప్ట్ అప్‌డేట్’తో ప్యాకేజీల జాబితా తాజా చేసుకుని, ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ లిబ్‌ఫ్రిబిడి0’ కొట్టండి. చివరిది సున్నా, ‘ఓ’ కాదు. తర్వాత పైథాన్ మళ్లీ తెరిచి, పిల్లో ఫీచర్స్‌లో రాక్మ్‌ని చెక్ చేస్తే ట్రూ అని రావాలి.