వేట తుపాకిని చేసే చేయి

హిమాలయాల దిగువ కొండలలో, కుమావూ సీమలోని చంపావత్ అనే ఊరి దగ్గర, మనిషి మాంసం మరిగిన ఆడపులి ఒకటి 1907 లో చచ్చింది. అంతకుముందు అది నేపాళంలోను, కుమావూలోను కలిపి 436 మందిని పొట్టన పెట్టుకొన్నదని లెక్క. దానిని చంపిన జిమ్ కార్బెట్ కళేబరాన్ని పరీక్షించి చూడగా, నోటి కుడివైపున పై కోర సగానికి, కింది కోర మొదలంటా విరిగి ఉన్నవి. ఏనాడో తగిలిన తుపాకి గుండు చేసిన పని అది. అడవిలో తనకు సహజమైన ఆహారాన్ని పట్టి చంపే శక్తి నశించినందువల్లనే ఆ పులి మనుషుల మీద పడిందని కార్బెట్ నిర్ణయించాడు. చంపకుండా గాయపరచి వదలిన ఒక్క కాల్పునకు ఇంతమంది పల్లెవాసులు, అందులోను కట్టెలకు, గడ్డికి పోయిన ఆడవారు, మూల్యం చెల్లించవలసి వచ్చింది.

వేట తుపాకిని ఎవరిచేత చేయించుకోవాలి అనే ప్రశ్న పైకి సంపన్నుల విలాసంగా కనబడుతుంది. వెండి చెక్కడాలు, నగిషీలు, ఏళ్ళ తరబడి నిరీక్షణ - ఇవన్నీ చూచి అట్లా అనుకోవడంలో వింత లేదు. కాని ఆ ప్రశ్నకు అడుగున పైన చెప్పిన సంగతి ఉన్నది. మొదటి గుండుకే, బాధ లేకుండా, జంతువు ప్రాణం పోవాలి. లేనిచో ఆ గాయం ఎక్కడకు దారితీస్తుందో ఎవరూ చెప్పలేరు.

అదే చంపావత్ వేటలో ఇంకొక ముచ్చట కలదు. కార్బెట్ తన వెంట మూడే తూటాలు తీసుకొనిపోయినాడు. ఆ మూడూ అయిపోయినవి. గాయపడిన పులి ఎదుట నిలిచి ఉన్నది. అతడు పరుగున పోయి, బండమీద నిలిచి ఉన్న తహసీల్దారు చేతిలోని తుపాకిని అందుకొన్నాడు. తీరా చూస్తే ఆ తుపాకి గొట్టాలకు, వెనుక బిగించే భాగానికి నడుమ సుమారు అంగుళంలో మూడెనిమిదో వంతు సందు! కాల్చితే మందు మంట వెనుకకు తన్ని కన్నులే పోవచ్చును. అయినా కాల్చినాడు. ఇరువది అడుగుల దూరంలో తెరచి ఉన్న నోటికి గురిపెడితే గుండు పోయి పులి పంజాకు తగిలింది. అదృష్టవశాత్తు అప్పటికే పులి ప్రాణావశిష్టమై ఉన్నది కనుక కథ సుఖాంతమయింది.

ఆ పులిని చంపినందుకు సంయుక్త రాష్ట్రాల లెఫ్టినెంట్ గవర్నరు సర్ జాన్ హ్యూవెట్ కార్బెట్‌కు ఒక రైఫిలు బహూకరించాడు. అది లండను నగరంలోని జాన్ రిగ్బీ కంపెనీవారు చేసిన .275 తుపాకి. బహుమానపు వివరం చెక్కిన వెండి రేకు ఒకటి దాని మడమకు తాపి ఉన్నది. 1930 లో చౌగఢ్ ఆడపులిని అతడు చంపినది ఈ తుపాకితోనే. ఎడమచేతిలో పక్షిగుడ్లు రెండు పట్టుకొని, ఒంటి కుడిచేతితో, తుపాకిని వెంట్రుకవాసి చొప్పున పులివైపు తిప్పి కాల్చిన ఘట్టం ‘మ్యాన్ ఈటర్స్ ఆఫ్ కుమావూన్’ చదివినవారు మరువలేరు. బరువు సమంగా కుదిరిన తేలిక తుపాకి కాకపోతే అది సాధ్యమయ్యేది కాదు.

తుపాకి కుదరడమంటే ఏమి? దర్జీవాడు చొక్కా కుట్టుటకు కొలతలు తీసుకొన్నట్లే మంచి పనివాడు మనిషికి కొలతలు తీసుకొంటాడు. మడమ చివరినుండి మీట వరకు ఎంత పొడవు ఉండాలి, చెంప ఆనే చోట ఎంత వంపు ఉండాలి, భుజానికి ఎత్తగానే కన్ను గురిగుబ్బకు సూటిగా రావలెనంటే మడమ ఎంత పక్కకు వాలాలి - ఇవి ఒక్కొక్కరికి ఒక్కొక్క విధం. ఇంగ్లండులోని దుకాణాలలో ఇందుకై కీళ్ళతో ఎటుపడితే అటు కదిలే మడమగల నమూనా తుపాకి ఒకటి ఉంటుంది. దానిని కొనవచ్చినవాని చేతికిచ్చి, భుజానికి ఎత్తించి, కదిలించి కదిలించి కొలత తేలుస్తారు. అడవిలో పులి గురి చూచుకొనే వ్యవధి ఇవ్వదు గదా! తుపాకి ఎత్తినంతనే అది చూపు పోయిన చోటికి పోవాలి.

ఇక మడమకు వాడే కర్ర. అక్రోటు కర్రకు మించినది లేదని అందరూ ఒప్పుకొన్న మాట. కోసిన కర్రను ఏళ్ళ తరబడి ఆరబెట్టిన తర్వాతనే పనికి తీసుకోవాలి. పచ్చిదనం మిగిలిన కర్ర వానకాలంలో ఉబ్బి, ఎండకాలంలో కుంగి, గొట్టాన్ని ఒక పక్కకు నెడుతుంది. నిన్న సూటిగా తగిలిన గుండు నేడు జానెడు పక్కన తగులుతుంది. చేయి పట్టే సన్నని మెడభాగంలో కర్ర పోగు నిడుపుగా సాగాలి గాని అడ్డంగా తెగరాదు. తెగితే తుపాకి తన్నుకు అక్కడనే చీలుతుంది. కొనేవారు సామాన్యంగా చారల అందానికి మురిసి ఈ సంగతి చూడరు. పనివాని నిజాయితీ ఇక్కడ తేలుతుంది. అందమైన కర్రను అమ్ముకొనే అవకాశం ఉండి కూడ, ఇది మీకు పనికిరాదని చెప్పేవాడు దొరికితే అతనిని వదలరాదు.

జోడుగొట్టాల రైఫిలు విషయంలో పనితనానికి అసలైన పరీక్ష మరొకటి ఉన్నది. రెండు గొట్టాలను సమాంతరంగా అతికితే రెండు గుండ్లు ఒకచోట పడవు. కుడి గొట్టం పేలినప్పుడు తుపాకి కుడికి, ఎడమది పేలినప్పుడు ఎడమకు తిరుగుతుంది. అందువల్ల ముందు కొసలు కొంచెం దగ్గరకు వచ్చేటట్లు అమర్చి, నడుమ సన్నని చీలను టంకంతో నిలిపి, కాల్చి చూచి, వేడిచేసి చీల కదిపి, మరల కాల్చి - ఇట్లా రెండు గుండ్లు ఒకే చోట పడేదాకా సరిచేస్తారు. దీనికి లెక్కల పుస్తకం లేదు, అనుభవమే గురువు. ఈ అమరిక ఒకే రకం తూటాకు, ఒకే మోతాదు మందుకు మాత్రమే పనిచేస్తుంది.

ఇక్కడ మన దేశపు ఎండ అడ్డుతగిలింది. ఆ కాలంలో వాడిన కార్డైటు మందు వేడికి మరీ ఉద్రేకించే స్వభావం కలది. లండను చలిలో సరిచేసిన తుపాకి మన వేసవిలో ఒత్తిడి మితిమీరి, రెండు గుండ్లనూ చెరొక దారి పట్టించేది. ఒక్కొక్కప్పుడు ఖాళీ తూటా లోపలనే బిగుసుకొనిపోయేది. అందుకే తయారీదారులు ఉష్ణదేశాలకని మోతాదు తగ్గించిన తూటాలు వేరుగా చేసి, వాటికి తగినట్లు తుపాకులను సరిచేసి పంపేవారు. తుపాకి ఏ దేశంలో, ఏ ఋతువులో వాడతారని ముందుగా అడగనివాడు ఎంత పేరుగలవాడైనా ఆ పనికి తగినవాడు కాడు.

దొరతనంవారి భయం ఇంకొక చిక్కు తెచ్చిపెట్టింది. సైన్యంలో లోగడ వాడిన మార్టినీ-హెన్రీ తుపాకుల గుండ్లు తిరుగుబాటుదార్ల చేతికి చిక్కునేమో అని, 20వ శతాబ్దం తొలి దశాబ్దంలో .450 కొలత తుపాకులను ఇండియాలోను, సూడానులోను నిషేధించారు. వెంటనే లండను పనివారు .465, .470, .475 వంటి కొత్త కొలతలు కల్పించారు. వేటకు పనికివచ్చే గుణం వీటన్నిటిలోను ఒక్కటే. తేడా అంతా చట్టం కొరకు పుట్టినదే.

కంపెనీ పేరును చూచి మోసపోరాదని చెప్పుటకు రిగ్బీవారి చరిత్రే చాలు. 1775 లో డబ్లిన్‌లో పుట్టిన ఈ సంస్థ 19వ శతాబ్దంలో లండను చేరింది. 1911 లో వెలువడిన .416 తూటా దాని కీర్తిని ఆఫ్రికా అంతటా వ్యాపింపజేసింది. అట్టి సంస్థ 1997 లో చేతులు మారి అమెరికాలోని కాలిఫోర్నియాకు తరలిపోయింది. 2013 లో మరల లండను చేరుకొన్నది. తలుపుమీది పేరు మారలేదు గాని, లోపల ఆకురాయి పట్టిన చేతులు మారినవి. కనుక చేయించుకొనేవాడు అడగవలసినది కంపెనీ వయస్సు కాదు: ఇప్పుడు గొట్టాలు అమర్చేది ఎవరు, కర్ర చెక్కేది ఎవరు, పాతికేళ్ళ తర్వాత మరమ్మతుకు తెస్తే చూచేవారు ఉంటారా?

పేరు లేని చేయి గొప్ప పని చేసిన ఉదాహరణ అమెరికాలో కలదు. సీమూర్ గ్రిఫిన్ అనే న్యూయార్కు వడ్రంగి, అలమరలు మొదలైనవి చేసేవాడు, థియొడోర్ రూజ్‌వెల్టు రచించిన ఆఫ్రికా వేట గ్రంథం చదివి ముచ్చటపడి, స్ప్రింగ్‌ఫీల్డు సైనిక రైఫిలు ఒకటి కొని దానికి తానే అక్రోటు మడమ చేసికొన్నాడు. చూచినవారు తమకూ కావాలన్నారు. కర్రపని తెలిసిన ఇతనికి, ఇనుపపని తెలిసిన జేమ్స్ హౌ జతకూడగా 1923 లో గ్రిఫిన్ అండ్ హౌ సంస్థ వెలసింది. హెమింగ్వే 1933-34 లో ఆఫ్రికాకు తీసుకొనిపోయిన స్ప్రింగ్‌ఫీల్డు వీరు తీర్చినదే.

ఇంత చెప్పిన తర్వాత ఎదురుమాట కూడ చెప్పక తప్పదు. మన బొలారంలో 1910 లో జన్మించి, మామండూరు, చామల అడవులలో తిరిగి, ఆ కథలు వ్రాసిన కెన్నెత్ ఆండర్సన్ జీవితమంతా నమ్ముకొన్నది వించెస్టరు కంపెనీవారి .405 రైఫిలు. అది ఎవరి కొలతలకూ చేసినది కాదు. వేలకొద్దిగా యంత్రశాలలో తయారైన సరుకు. రూజ్‌వెల్టు 1909 లో ఆఫ్రికాకు తీసుకొనిపోయిన వాటిలోను అదే రకం ఉన్నది. అలవాటైన సామాన్యపు తుపాకి, అలవాటు లేని అపురూపమైన తుపాకికంటె మేలు. వేలు పోసి చేయించుకొన్నదానిని గీతలు పడతవని బీరువాలో దాచి, ఏడాదికి ఒకనాడు అడవికి తెచ్చేవానిచేతనే జంతువులు గాయపడి తప్పించుకొనిపోవడం జరుగుతుంది.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటకు స్వస్తి చెప్పింది; అది జరుగవలసిన పనే. కార్బెట్ చివరి దశలో పులులను కాపాడవలెనని గొంతెత్తినవాడే గదా. అతని రైఫిలును రిగ్బీవారు 2015 లో తిరిగి సంపాదించి, మరుసటి ఏడు అది తిరిగిన కొండలకు ఒకసారి తెచ్చి చూపించారు. వేట చట్టసమ్మతమైన దేశాలలో మాత్రం ఈనాటికీ తుపాకులు చేయించుకొనేవారు ఉన్నారు. ఆస్ట్రియాలోని ఫెర్లాఖ్ పట్టణంలో ఈ విద్య నేర్పే పాఠశాల నేటికీ నడుస్తున్నది. అక్కడ చేరిన కుర్రవాని చేతికి మొట్టమొదట ఇచ్చేది తుపాకి కాదు, ఆకురాయి. ఇనుపముక్కను సమంగా రాయడం వచ్చిన తర్వాతనే తక్కినవి.