షుగరు రోగి మనసుకూ ఒక కొలత
తర్జుమా చేసినంత మాత్రాన సరిపోదు; సరిచూసిన తర్వాతే వాడకం

షుగరు జబ్బుతో ఆసుపత్రికి వెళ్లినవారిని డాక్టరు అడిగే ప్రశ్నలు అందరికీ తెలిసినవే. మాత్రలు వేళకు వేసుకుంటున్నారా, అన్నం తగ్గించారా, కాళ్లకు తిమ్మిర్లున్నాయా అని అడుగుతారు. రక్తం తీసి పరీక్షిస్తారు. మనసు ఎలా వున్నదని అడగటం మాత్రం అరుదు. అడిగినా "ఏదో ఇలా వున్నామండీ" అన్న జవాబే వస్తుంది. ఆ జవాబు వెనుక మరో జబ్బు దాగి వుండవచ్చు.

షుగరు లేనివారితో పోలిస్తే వున్నవారిలో కుంగుబాటు సుమారు రెండింతలు కనిపిస్తుందని 2001లో అనేక పరిశోధనలను కలిపి వేసిన లెక్కలో తేలింది. మన దేశంలో షుగరు రోగులు 10 కోట్ల పైచిలుకు వున్నారని భారత వైద్య పరిశోధన మండలి వారి సర్వే 2023లో వెల్లడించింది. కుంగిపోయిన మనిషి మాత్రలు మరుస్తాడు, పథ్యం విడిచిపెడతాడు, నడక మానేస్తాడు. దానితో షుగరు పెరుగుతుంది. పెరిగిన షుగరు మనిషిని ఇంకా నీరసింపజేస్తుంది. ఈ విధంగా రెండు జబ్బులూ ఒకదానినొకటి ఎగదోస్తాయి.

అయిదే వాక్యాలు

షుగరున్న ప్రతివారినీ మానసిక వైద్యుడే స్వయంగా పరీక్షించటం జరిగే పని కాదు. అందువల్ల ముందుగా అనుమానమున్న వారిని వేరుచేయటానికి చిన్న ప్రశ్నావళులు వాడతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరపు కార్యాలయం 1998లో వెలువరించిన "డబ్ల్యు.హెచ్.ఓ.-5" అట్టి వాటిలో ఒకటి.

గడచిన రెండు వారాలలో మనసు ఉల్లాసంగా వున్నదా, స్థిమితంగా వున్నదా, ఒంట్లో చురుకుదనం వున్నదా, నిద్ర లేచేసరికి అలసట తీరి తేటగా వుంటున్నదా, రోజువారీ జీవితంలో ఆసక్తి వున్నదా అన్నవే అందులోని అయిదు సంగతులు. ఎల్లవేళలా అలా వున్నామంటే 5 మార్కులు, ఎన్నడూ లేమంటే సున్న. మొత్తం 25. దాన్ని నాలుగుతో హెచ్చిస్తే నూటికి లెక్క వస్తుంది. ఒకరికి మొత్తం 9 వస్తే నూటికి 36 అన్నమాట. సాధారణంగా 50 గాని అంతకు తక్కువ గాని వచ్చినవారిని మరింత విచారించాలి.

ఈ పత్రంలో ఏడుపు, దిగులు, చావు అన్న మాటలు లేకపోవటం గమనార్హం. అన్నీ మంచి సంగతులే. మనసు బాగాలేదంటే నలుగురూ పిచ్చి అనుకుంటారేమోనని జంకేవారికి ఇది కొంత అనుకూలం.

తిరగరాసి చూడాలి

ఈ పత్రం అనేక భాషలలోకి వెళ్లింది. అయితే భాష మారినప్పుడు అర్థం మారకూడదు. పుస్తకాల తెలుగులో "ప్రశాంతత" అని రాస్తే చదువుకున్నవారికి చాలు. కలుపు తీసే అవ్వకు "మనసు నిమ్మళంగా వున్నదా" అంటేనే తెలియవచ్చు. ఒకచోట నిమ్మళం అంటారు, మరొకచోట స్థిమితం అంటారు. "సగం కంటె ఎక్కువ కాలం" అన్న లెక్క కూడా అందరికీ వెంటనే అందదు.

అందుకే ఇద్దరు విడివిడిగా తర్జుమా చేస్తారు. రెండింటినీ కలిపి ఒకటి చేస్తారు. మూలం చూడని మరొకరు దానిని తిరిగి ఇంగ్లీషులోకి మారుస్తారు. తేడా వచ్చినచోట దిద్దుతారు. తర్వాత కొద్దిమంది రోగులకు చదివి వినిపించి, ఏమి అర్థమయిందో వారి నోటనే చెప్పిస్తారు.

కాటాకు ముద్ర వంటిది

అంతటితోనూ పని ముగియదు. కాటా సరిగా తూస్తున్నదో లేదో ముద్ర వేసిన రాళ్లతో చూసినట్లే, ఈ పత్రాన్ని మానసిక వైద్యుని పరీక్షతో సరిచూడాలి. పత్రంలో ఎన్ని మార్కులు వచ్చినవీ ఆ వైద్యునికి తెలియనివ్వరు.

ఉదాహరణకు నూరుమంది షుగరు రోగులలో 20 మందికి కుంగుబాటు వున్నదని వైద్యుడు తేల్చాడనుకుందాం. పత్రం వారిలో 18 మందిని పట్టుకుంటే ఇద్దరు తప్పించుకున్నట్లు. మిగిలిన 80 మందిలో 16 మందిని అనవసరంగా అనుమానిస్తే అదీ లోపమే. మార్కుల గీత పైకి జరిపితే తప్పించుకునేవారు తగ్గుతారు, అనవసరపు అనుమానాలు పెరుగుతాయి. కిందికి దించితే ఇందుకు విరుద్ధం. గీత ఎక్కడ గీయాలో ఈ పరీక్షలోనే తేలుతుంది.

షుగరు రోగులలో ప్రత్యేకంగా సరిచూడటానికి మరో కారణమున్నది. రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేచే మనిషి తెల్లవారి తేటగా లేవలేడు. అది మనోవ్యాధి కానక్కరలేదు, షుగరు అదుపు తప్పటమే కావచ్చు. ఆరోగ్యవంతులకు గీసిన గీత ఇట్టివారికి పొసగకపోవచ్చు.

గుర్తిస్తే మేలు

విశాఖపట్నం, చెన్నై, బెంగళూరు, ఢిల్లీ చికిత్సాలయాలలో షుగరుతోపాటు కుంగుబాటు కూడా వున్న 404 మందిపై జరిగిన పరిశోధన ఫలితాలు 2020లో వెలువడ్డాయి. వీరిని తొమ్మిది ప్రశ్నల మరో పత్రంతో గుర్తించారు. కొందరికి మామూలు వైద్యం చేశారు. మిగిలినవారి మంచిచెడ్డలు విచారించటానికి శిక్షణ పొందిన కార్యకర్తలను పెట్టి, నిపుణుల సలహాతో రెండు జబ్బులకూ కలిపి వైద్యం చేశారు. కుంగుబాటు కనీసం సగానికి తగ్గి, షుగరు, రక్తపు పోటు, కొవ్వులలో ఒకటైనా మెరుగుపడినవారు రెండేళ్ల తర్వాత ఈ పద్ధతిలో నూటికి సుమారు 72 మంది, మామూలు వైద్యంలో 57 మంది.

పత్రం అనుమానం చెబుతుందే గాని తీర్పు చెప్పదు. తక్కువ మార్కులు వచ్చినంతనే జబ్బు వున్నదని గాని, ఎక్కువ వస్తే లేదని గాని అనుకోరాదు. రెండు వారాలుగా ఏ పనిమీదా మనసు పోకపోయినా, ఇష్టమైనవి కూడా రుచించకపోయినా షుగరు చూసే డాక్టరుతోనే ఆ మాట చెప్పాలి. రోగి చెప్పలేకపోతే వెంట వెళ్లిన ఇంటివారు చెప్పాలి. బతుకు మీద విరక్తి మాటలు వినబడితే ఆలస్యం చేయరాదు. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన "టెలి మానస్" నంబరు 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు.