చెవి చెంతనున్న తరంగము

శ్రీకాకుళ, విశాఖపట్టణ మండలములలోని పల్లెలయందు, విశేషించి తీరప్రాంతమున, స్త్రీలు చుట్టను నిప్పున్న కొననే నోటిలోనికి పెట్టుకొని పీల్చెడి ఆచారమొకటి చిరకాలముగా ఉన్నది. దానిని అడ్డపొగ యందురు. ఆ సెగయు పొగయు తిన్నగా అంగిటిని తాకును; ఆ యంగిటియందే తెల్లని మచ్చలు పొడసూపి, కొందరిలో కాలక్రమమున కేన్సరుగా పరిణమించుటను వైద్యులు దశాబ్దములుగా చూచుచున్నారు. అన్యప్రాంతములలో అరుదైన అంగిటి కేన్సరు ఇచ్చట ఆ పొగ త్రాగువారియందు మిక్కుటముగా కానవచ్చినది. సెగ తగిలిన చోటనే వ్యాధి. అలవాటు ముదిరినకొలది అపాయము. అలవాటు మాన్పించినచోట మచ్చలు తగ్గుముఖము పట్టుట. కేన్సరును కలిగించు వస్తువు ఏదైనను ఇట్టి జాడలను విడువక పోదు. సెల్‌ఫోనును గూర్చి నేడు ఇంటింటను వినవచ్చుచున్న భయమును పరిశీలింపదలచువాడు ముందుగా వెదకవలసినవి ఈ జాడలే.

ఆ భయమును తేలికగా త్రోసిపుచ్చుట తగదు. బిడ్డ తలగడ క్రింద ఫోను పెట్టుకొని నిద్రించుట చూచి తల్లి కలతపడును; పొరుగింటి డాబాపై టవరు లేచినప్పుడు వీధివారందరు కూడి అడ్డగింతురు. 2017లో సర్వోన్నత న్యాయస్థానము, గ్వాలియరులో కేన్సరు పాలైన ఒక ఇంటి పనివాని మొర ఆలకించి, అతడు పనిచేయు ఇంటి సమీపముననున్న టవరును ఆపివేయ నాజ్ఞాపించినప్పుడు, టవరు వలన కేన్సరు వచ్చునని తీర్పే వెలువడినట్లు పెక్కుమంది తలచిరి. ఆర్తునకు ఊరట కలిగించు ఉత్తరువు వేరు, వ్యాధికారణమును నిరూపించుట వేరు.

ఫోను వెలువరించు తరంగములు ఆకాశవాణి ప్రసారములకును, కంటికి కనిపించు వెలుగునకును జ్ఞాతులు. ఎక్స్‌రే కిరణము అణువునుండి ఎలక్ట్రానును ఊడబెరికి, జీవకణమునందలి డి.ఎన్.ఏ.ను గాయపరుపగలదు, అందులకు రమారమి పది ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఒక్క దెబ్బలో కావలెను. ఫోను తరంగమునందలి ఒక్కొక్క శక్తికణిక బలము అందులో రమారమి పదిలక్షలవ వంతు మాత్రమే. తాటికాయను రాలగొట్టుటకు గురిచూచి విసరిన రాయి ఒక్కటి చాలును గాని, ఇసుక రేణువులను కోటి చల్లినను అది రాలదు గదా! ఇక ఈ తరంగములు శరీరమునందు నిశ్చయముగా చేయు పని కొలదిపాటి వెచ్చదనమును పుట్టించుట. దానికిని హద్దు గలదు: 2012 సెప్టెంబరు 1 నుండి మన దేశమున అమ్మెడి ఫోనులు కిలోగ్రాము కణజాలమునకు 1.6 వాట్లకు మించిన శక్తిని ఇయ్యరాదు. అంతకు పూర్వము ఆ హద్దు 2 వాట్లు.

ఐనను భౌతికశాస్త్రము కాదన్నంత మాత్రమున వైద్యశాస్త్రము ఊరకుండరాదు. మనకు తెలియని మార్గమేదైన ఉండవచ్చును. కావున మనుష్యులనే అడిగిరి. పదమూడు దేశములలో జరిగిన ‘ఇంటర్‌ఫోన్’ పరిశోధన ఫలితములు 2010లో వెలువడెను. అందు 1640 గంటలకు మించి, అనగా పదేండ్లపాటు దినమునకు దాదాపు అరగంట వంతున, మాటలాడిన వారిలో మెదడు కణితి 40 శాతము అధికముగా కనబడెను. అదే పరిశోధనలో, ఫోను వాడువారి నందరిని కలిపి చూచినచో, వాడనివారికంటె 19 శాతము తక్కువగా కూడ కనబడెను! ఫోను మెదడునకు రక్ష యని ఎవరును అనలేరు. లోపము కొలతలో ఉన్నదనుటయే న్యాయము. పూర్వమెప్పుడో ఎన్ని గంటలు మాటలాడితివని రోగిని అడిగినప్పుడు, తన వ్యాధికి కారణము వెదకికొనుచున్న ఆ దుఃఖితుడు సంఖ్యను పెంచి చెప్పుట సహజము. దినమునకు పండ్రెండు గంటలకు మించి మాటలాడితిమని చెప్పినవారును అందు కలరు.

ఈ సందిగ్ధస్థితియందే 2011 మే నెలలో లియాన్ నగరమున సమావేశమైన అంతర్జాతీయ కేన్సరు పరిశోధనసంస్థ నిపుణులు ఈ తరంగములను ‘2బి’ వర్గమున చేర్చిరి. ఆ వర్గమునకు అర్థము, కేన్సరు కలిగించుటకు అవకాశము లేకపోలేదు, సాక్ష్యము మాత్రము పరిమితము అని. మనము ప్రాతఃకాలమున సేవించు కాఫీ మూత్రాశయ కేన్సరును గూర్చిన అనుమానముతో 1991 నుండి 2016 వరకు ఆ వర్గముననే ఉండి, పిమ్మట విముక్తి పొందినది. పొగాకున్న మొదటి వర్గమునకును దీనికిని గల దూరము పత్రికల శీర్షికలలో చెరిగిపోయినది.

2018లో అమెరికా ప్రభుత్వ పరిశోధకులు ఎలుకలను దినమునకు తొమ్మిది గంటల చొప్పున రెండేండ్లు ఈ తరంగములలో ఉంచి చూడగా, మగ ఎలుకల హృదయనాడులలో కణితులు కనబడెను. ఆడ ఎలుకలలో అట్టి స్పష్టత లేదు. విచిత్రమేమన, తరంగములకు గురియైన మగ ఎలుకలే గురికాని వానికంటె ఎక్కువకాలము జీవించెను.

తరువాతి సాక్ష్యము బలమైనది. బ్రిటనులో 7 లక్షల 76 వేలమంది స్త్రీలను దాదాపు పదునాలుగేండ్లు గమనించి 2022లో ప్రకటించిన ఫలితమున, ఫోను వాడినవారికిని వాడనివారికిని మెదడు కణితుల విషయమున భేదము కానరాలేదు. బాలురను యువకులను గూర్చి మనదేశముతో సహా పదునాలుగు దేశములలో జరిగిన ‘మోబికిడ్స్’ పరిశోధనయు అపాయమును చూపలేదు. 2024లో ప్రపంచ ఆరోగ్యసంస్థ కోరికపై 63 పరిశోధనలను జల్లెడపట్టినవారును ఇట్లే తేల్చిరి. అన్నిటికంటె నా మనస్సును ఒప్పించినది మరియొకటి: జనుల చేతులలో ఫోనులు పుట్టగొడుగులవలె పెరిగిన ఈ కాలమున, వ్యాధుల లెక్కలు చక్కగా వ్రాసిపెట్టు ఉత్తర ఐరోపా దేశములలో మెదడు కేన్సరు రేటు అట్లు పెరుగలేదు. అడ్డపొగ విడిచిన జాడవంటిది ఇచ్చట లేదు. మన ఊళ్ల చిల్లర దుకాణములలో గుట్కా పొట్లములు తోరణములవలె వ్రేలాడుచుండగా, ఆ వీధివారే టవరుపై అర్జీలు వ్రాయుట చూచినప్పుడు నాకు బాధ కలుగును.

టవరును గూర్చి ఒక్కమాట. తరంగబలము దూరముయొక్క వర్గమును బట్టి క్షీణించును; దూరము రెట్టింపైనచో బలము నాలుగవ వంతగును. దూరమందలి టవరుకంటె, చెవికి ఆనించిన ఫోనే మనలను ఎక్కువగా తాకును. మరియు టవరు దూరమైనకొలది, చెవిటివానితో మాటలాడువానివలె, ఫోను తన గొంతు పెంచవలసివచ్చును. వీధివారు టవరును తరిమినచో, తగ్గించదలచిన తరంగమునే తలదాపునకు పిలిచినవారగుదురు. ఇంకను శంక తీరనివారు సిగ్నలు గీతలు తరిగిన చోట మాటలు ముగించి, దీర్ఘసంభాషణలకు ఇయర్‌ఫోను తగిలించుకొనవచ్చును; ఫోనును జానెడు దూరమున ఉంచినంతనే తలను చేరు తరంగము అత్యల్పమగును.